తేటపడ్డ మొహం

డాక్టరమ్మ వినీల కంప్యూటరు తెరను అతనివైపు తిప్పి, "ఎడమపక్కది ఫిబ్రవరిలో మీరు మొదటిసారి వచ్చినప్పటి ఫొటో అండి. కుడిపక్కది ఇందాక తీసింది. మీరే చూసుకోండి" అంది.

ఎడమపక్క మనిషిని చూసి బుల్లబ్బాయికి సిగ్గేసింది. ముక్కూ బుగ్గలూ కందగడ్డలా ఎర్రబారి ఉన్నాయి. ముక్కుకి రెండువైపులా సన్నటి నరాలు, ఎవరో ఎర్రదారం పోగులు తెచ్చి చర్మం మీద అతికించినట్టు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఈ మొహం వేసుకునేనా నేను పెళ్ళిళ్ళలో తిరిగింది అనుకున్నాడు. కుడిపక్క మనిషి మాత్రం పెళ్ళికొడుకు తండ్రిలా దర్జాగా ఉన్నాడు. రెండు విడతల లేజరు, పూటపూటా రాసుకునే జెల్లు, ఆరువారాల మాత్రలు కలిసి చేసిన పని అది.

బుల్లబ్బాయి వంట మాస్టారు. రాజమండ్రి చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో పెద్ద పెళ్ళంటే గాడిపొయ్యి తవ్వించేదీ, దాని ముందు నిలబడేదీ అతనే. నిలబడీ నిలబడీ కుడికాలి పిక్క మీద నరాలు బచ్చలి కాడల్లా మెలికలు తిరిగి ఉబ్బాయి. చీలమండ పైన చర్మం నల్లబడి దురద మొదలైంది. ఆ కాలు చూపించుకోడానికని దానవాయిపేటలోని ఈ క్లినిక్కుకి వస్తే, కాలుతోపాటు మొహానిది కూడా జబ్బేనని తేల్చారు. అంతవరకూ అతను అది వట్టి పొయ్యి సెగ అనుకున్నాడు. సెగ కొంత నిజమేననీ, లోపలున్న జబ్బుని సెగ ఎగదోస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది.

"పొయ్యి దగ్గరికి వెళ్ళడం లేదుగా?" అడిగిందామె.

"ఎక్కడండీ. గరిటె పట్టుకుని రెండు నెలలైంది."

"ఎండ, సెగ, కారం, వేడి వేడి టీ. ఈ నాలుగింటికీ దూరంగా ఉండాలి. ఇది అదుపులో ఉంటుంది కానీ పూర్తిగా పోదండి. కాలి సంగతి గురువారం కాకినాడ నుంచి సారొచ్చి చూస్తారు. లేజరు చేసిన కాలికి వేసిన మేజోడు మాత్రం తియ్యకండి."

వంట మాస్టారుకి సెగా కారం పనికిరావంటే ఇంక మిగిలేదేంటో ఆ చదువుకున్న పిల్లకి ఎవరు చెబుతారు. బుల్లబ్బాయి తలూపాడు. డాక్టర్ల ముందు తలూపడంలో అతను మంచి గట్టివాడు. మనసులో మాత్రం వైశాఖం ముహూర్తాలు తిరుగుతున్నాయి. మాఘ ఫాల్గుణాలు ఎలాగూ పోయాయి, వైశాఖం వదలకూడదని క్లినిక్కు మెట్లు దిగుతూ గట్టిగా అనుకున్నాడు.

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. జన్మంతా పంచె కట్టినవాడు, మోకాలిదాకా బిగిసిన మేజోడు కనపడకుండా ప్యాంటు తొడుక్కోవలసి వచ్చింది. లోపల కాలు ఉడికిపోతోంది. దేవీచౌక్ దగ్గర మజ్జిగ బండి చూసి ఆగాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి ఎవరో భుజం తట్టారు.

"బాగున్నారా గురువుగారూ?"

పాపాయి. ఒకప్పుడు బుల్లబ్బాయి దగ్గర బూరెలు వేసేవాడు. ద్వారపూడిలో ఒక పెళ్ళికి తాగి వస్తే ఆ క్షణమే బస్సు ఎక్కించి పంపేశాడు. పొయ్యి వెలిగించే ముందు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొడతారు. ఆ పొయ్యి దగ్గరికి తాగినవాడు రాకూడదు. పెళ్ళివారు వంటవాడి నోటిదురుసు సహిస్తారు, సరుకు నాలుగు కిలోలు ఎక్కువ రాయించినా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. తాగుడొక్కటీ సహించరు. బుల్లబ్బాయి వాళ్ళకంటే సహించడు. తను పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. అందుకనే పాపాయి ఎదురైతే పక్కకి తప్పుకుంటాడు.

ఇవాళ తప్పుకోడానికి చోటు లేదు. పాపాయి పక్కనే చేరి, అతని మొహంలోకి తేరిపార చూసి, "మానేశారంటగా. చాలా మంచి పని చేశారండి" అన్నాడు.

"ఏం మానేశాను?"

"అదేనండి." పాపాయి బొటనవేలు నోటివైపు ఎత్తి చూపించాడు. "మొహం చూస్తేనే తెలిసిపోతోంది. ఎరుపంతా దిగిపోయింది. నా వల్లే కావట్లేదండి. ఏం మందు వాడారో చెబితే నేనూ తెచ్చుకుంటాను. ఇంట్లో పోరు పడలేకపోతున్నాను."

వెక్కిరింపు అయితే బుల్లబ్బాయి అక్కడే చెంప పగలగొట్టేవాడు. పాపాయి మొహంలో వెక్కిరింపు లేదు. సాటివాడొకడు గట్టెక్కాడన్న సంతోషం ఉంది. అదే భరించలేకపోయాడు.

"నేనెప్పుడు తాగాన్రా?"

"నా దగ్గర దాపరికం ఏంటి గురువుగారూ. అందరికీ తెలిసిందేగా."

"అందరూ అంటే ఎవరు?"

పాపాయి కాస్త బెదిరాడు. "నాకేం తెలుసండీ. అనిల్ కుమార్ గారి కొట్టు దగ్గర అనుకుంటుంటే విన్నాను" అని, మజ్జిగ డబ్బులు తనే ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

తాగుబోతు ఇప్పించిన మజ్జిగ బుల్లబ్బాయి సగంలో పారబోశాడు.

మెయిన్ రోడ్డులో అనిల్ కుమార్‌ది కిరాణా హోల్‌సేల్ కొట్టు. బుల్లబ్బాయి సరుకుల చిట్టా రాశాడంటే ఆ కొట్టుకే వెళ్ళాలి. వాళ్ళ నాన్న ఉన్నప్పటినుంచీ అలవాటు. అనిల్ కుమార్ బెల్లం దిమ్మలు తూకం వేయిస్తున్నవాడు అతన్ని చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు.

"రండి మాస్టారూ. కాలెలా ఉందండి?"

బుల్లబ్బాయి కూర్చోలేదు. "నేను తాగుతానని ఈ కొట్లో అనుకుంటున్నారంట."

అనిల్ కుమార్ తూకం మనిషివైపు చూశాడు. ఆ మనిషి బెల్లం అలాగే వదిలేసి లోపలికి పోయాడు. "నేననలేదండి" అన్నాడు అనిల్ కుమార్.

"ఎవరన్నారు?"

"ఇప్పుడెందుకండీ అయిపోయిన సంగతి."

"నాకింకా అవ్వలేదు, చెప్పు."

చెప్పక తప్పలేదు అతనికి. మాఘమాసంలో పెద్దాపురం రైసుమిల్లువాళ్ళ పెళ్ళి. ఆ పెళ్ళి బుల్లబ్బాయి చెయ్యాల్సింది. తాంబూలం కూడా పుచ్చుకున్నాడు. వారం ముందు మిల్లువాళ్ళు కబురు చేసి, మీకు కాలు నొప్పంట కదా, రెస్టు తీసుకోండి, మీ బావమరిది చేత చేయించుకుంటాం అన్నారు. ఎంత మంచివాళ్ళని అప్పుడు పొంగిపోయాడు కూడాను. ఆ పెళ్ళికి సరుకు తీసుకెళ్ళడానికి వచ్చిన మిల్లు గుమాస్తా, మాస్టారేరి అని అనిల్ కుమార్ అడిగితే, అసలు సంగతి చెప్పాడట.

"'ఆయన మునుపటి మనిషి కాదు, సాయంత్రమైతే చెయ్యి ఆగడం లేదు, వాళ్ళ ఇంట్లోవాళ్ళే చెప్పారు' అన్నాడండి. నేను నమ్మలేదండి."

"నమ్మనివాడివి నన్నెందుకు అడగలేదు?"

"ఎలా అడుగుతామండీ, పెద్దవారిని." అనిల్ కుమార్ చేతికంటిన బెల్లం తుడుచుకుంటూ, "ఇంట్లోవాళ్ళే చెప్పారన్నాక ఇంకేం మాట్లాడతాం. పైగా మీ మొహం కూడా అప్పట్లో బాగా ఎర్రగా ఉండేదండి. ఇప్పుడు నయం" అన్నాడు.

ఇంట్లోవాళ్ళు. బుల్లబ్బాయి ఇంట్లో ఉండేది తనూ భార్యా. కూతురు తణుకులో కాపురం చేసుకుంటోంది. ఇక ఇంట్లోవాడిలా తిరిగేది బావమరిది సత్యప్రసాద్. పదహారేళ్ళ వయసులో ఉల్లిపాయలు ఒలవడానికి వచ్చినవాడు. తెడ్డు పట్టుకోవడం దగ్గర్నుంచి పాకం తీగ చూడడం దాకా అన్నీ తను నేర్పినవే. మాఘం నుంచి తన పెళ్ళిళ్ళన్నీ వాడే చేస్తున్నాడు. నువ్వు కాలు చూసుకో బావా, ఈ సీజన్ నేను లాగేస్తాను అంటే, ఎంత బాధ్యత తెలిసిందిరా వీడికి అని సంతోషించాడు. తన వెర్రితనం తల్చుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ పూట ఇంటికి వెళ్ళాడు. భార్య సత్యకుమారి డాక్టరేమందని అడిగితే, బాగుందంది అని ఊరుకున్నాడు. తమ్ముడి సంగతి తెలిస్తే ఆవిడ ఎంత కుమిలిపోతుందో అని, అదొకటి మళ్ళీ.

మర్నాడు పొద్దున్నే కోరుకొండ బస్సెక్కాడు. కొండ కింద కల్యాణమండపంలో పెళ్ళి. వంట ప్రసాద్‌ది. మండపం వెనక రేకుల షెడ్డులో గాడిపొయ్యి మండుతోంది. సరుగుడు కట్టెల వాసన ముక్కుకి తగలగానే బుల్లబ్బాయికి ఎందుకొచ్చాడో ఒక్క క్షణం మరుపొచ్చింది. రెండు నెలలకి సొంత ఊరు చూసినట్టయింది.

ప్రసాద్ బూరెల కళాయి ముందు నిలబడి ఉన్నాడు. పూర్ణం ఉండలు తోపుపిండిలో ముంచి నూనెలోకి జారవిడుస్తున్నాడు. రెండు బూరెలు పగిలి పూర్ణం నూనెలో నల్లగా మాడుతోంది. బుల్లబ్బాయి చెయ్యి దానంతట అదే పిండి గిన్నెలోకి పోయింది. వేలితో పైకెత్తి ధార చూశాడు.

"జారైపోయింది. గుప్పెడు బియ్యప్పిండి కలుపు."

ప్రసాద్ ఉలిక్కిపడి తిరిగాడు. "బావా, నువ్వెప్పుడొచ్చావ్?" అంటూనే బియ్యప్పిండి అందుకుని కలిపాడు. తర్వాతి వాయి చెక్కుచెదరకుండా తేలింది.

కూరలు తరుగుతున్న ఆడవాళ్ళు మాటలాపేశారు. ఎప్పుడూ బాబాయ్‌గారూ అంటూ పైనపడి మాట్లాడే ఆవిడ కూడా కత్తిపీట మీద తల వంచుకుంది. ఇదివరకు గమనించేవాడు కాదు. ఇప్పుడు ఒక్కొక్క తలా వంగడం విడిగా కనపడింది అతనికి.

ఇంతలో పెళ్ళికూతురి మేనమామట, పట్టుపంచె కట్టుకున్న పెద్దమనిషి, పులిహోర అయ్యిందా అంటూ లోపలికొచ్చాడు. బుల్లబ్బాయిని చూసి గుమ్మంలోనే ఆగాడు. గుర్తుపట్టాడు. ప్రసాద్‌ని పక్కకి పిలిచి ఏదో అన్నాడు. ప్రసాద్ తల అడ్డంగా ఊపి ఏదో చెప్పబోయాడు. పెద్దమనిషి వినలేదు, తనే దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. స్వామివారి మహానైవేద్యం కూడా ఇక్కడే వండిస్తున్నాం. మీరు బయట కూర్చోండి. టిఫిన్ పంపిస్తాను."

అంత మర్యాదగా బుల్లబ్బాయిని ఎవరూ ఎప్పుడూ వెళ్ళగొట్టలేదు. అసలు వంటశాలలోంచి అతన్ని వెళ్ళమన్న మనిషే ఇంతవరకూ పుట్టలేదు. తోపుపిండి అంటిన వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే పట్టుకుని బయటికొచ్చాడు.

షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ముల దగ్గరికి ప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు కానీ బావ కళ్ళలోకి చూడలేదు.

"తెలిసిపోయిందా" అన్నాడు.

"నేను తాగుతానని చెప్పి నా పొయ్యి లాక్కున్నావు" అన్నాడు బుల్లబ్బాయి. "అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా. బావా ఇంక నువ్వు కూర్చో, నేను చేస్తానంటే సంతోషంగా ఇచ్చేవాణ్ణి. నా పేరెందుకు పాడుచేశావు?"

"నేను చెప్పలేదు బావా."

"ఇంట్లోవాళ్ళే చెప్పారని మిల్లు గుమాస్తా అన్నాడు. ఇంట్లో నువ్వు కాక ఇంకెవరున్నారు?"

ప్రసాద్ నీళ్ళ డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి ఎవరో మాస్టారూ అని పిలిచారు. ఇద్దరూ తలెత్తారు. పిలిచింది ప్రసాద్‌ని.

"అక్క చెప్పింది" అన్నాడు చివరికి.

"నోర్ముయ్. మీ అక్క పేరెత్తావంటే ఇక్కడే చంపేస్తాను."

"చంపినా అదే నిజం. నేనేం మంచివాణ్ణని చెప్పను బావా. మిల్లాయన నన్ను పిలిచి, మీ అక్క చెప్పింది నిజమేనా అనడిగాడు. నేను నేలచూపులు చూశాను. నేను చేసింది అంతే. ఆ నేలచూపులకి నాకు ఆరు పెళ్ళిళ్ళొచ్చాయి." కళ్ళు తుడుచుకున్నాడు, చెమటో ఏమో. "వెళ్ళి అక్కనే అడుగు."

తిరుగు బస్సులో దారి పొడుగునా బుల్లబ్బాయి ప్రసాద్‌ని తిట్టుకుంటూనే ఉన్నాడు. తప్పించుకోడానికి తోడబుట్టినదాని మీద పెట్టాడు వెధవ. కాలికి లేజరు చేసిన రోజు క్లినిక్కు బల్ల మీద పొద్దుట్నుంచీ నీళ్ళు కూడా తాగకుండా కూర్చున్న మనిషి సత్యకుమారి. రోజూ పొద్దున్నే మంచం దగ్గర కూర్చుని, బిగుసుకుపోయే ఆ మేజోడు అంగుళం అంగుళం పైకి లాగి తొడిగేది ఆవిడే. చెప్పేవాడికి సిగ్గుండాలి. అలా అనుకున్నప్పుడల్లా కాసేపు గుండె తేలికపడింది. మళ్ళీ ఎందుకో బరువెక్కింది.

ధవళేశ్వరంలో ఇంటికొచ్చేసరికి సత్యకుమారి వసారాలో కొత్త చింతపండు ముందేసుకుని కత్తితో గింజలు తీస్తోంది. అతన్ని చూసి, "ఎండలో ఎక్కడికెళ్ళారు? మొహం మళ్ళీ ఎర్రబడింది చూడండి" అంది.

"కోరుకొండ. ప్రసాద్ దగ్గరికి."

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. బుల్లబ్బాయి చూస్తూనే ఉన్నాడు. ఆగకుండా ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నాడో.

"నేను తాగుతానని మిల్లువాళ్ళకి నువ్వు చెప్పావా?"

"చెప్పానండి" అంది సత్యకుమారి.

ఏడుస్తుందనుకున్నాడు, కాదంటుందనుకున్నాడు, కనీసం తడబడుతుందనుకున్నాడు. గింజ తీసి గిన్నెలో వేసి, ఇంకో పండు అందుకుంది. గొంతు నిలకడగా ఉంది.

"మొదట కాలు బాలేదనే చెప్పాను. మిల్లావిడ ఏమందో తెలుసా? కుర్చీ వేయిస్తాం, ఇద్దరు మనుషుల్ని ఎక్కువ పెడతాం, ఆయన కూర్చుని చెబితే చాలంది. మీరు కూర్చుంటారా? మన పిల్ల పెళ్ళిలో కూడా కన్యాదానం పీటల మీద నుంచి లేచి వెళ్ళి సాంబారు చూసొచ్చారు. కాకినాడ డాక్టరుగారు మీరు బయటికెళ్ళాక నాతో చెప్పారు. ఆ నల్లమచ్చ దగ్గర చర్మం పగిలి పుండు పడితే మానడం కష్టమమ్మా, ఏళ్ళు పడుతుంది, ముందు ఆయన్ని పొయ్యి దగ్గర్నుంచి తప్పించు అన్నారు. ఆ మాట నేను మీకు చెప్పే లోపలే మీరు వరండాలో నిలబడి ఫోనులో ఇంకో పెళ్ళి ఒప్పుకున్నారు."

"అందుకని తాగుబోతుని చేశావా?"

"మిల్లావిడే అడిగింది. 'మొహం చూస్తే మాకూ ఎప్పట్నుంచో అనుమానమేనమ్మా, తాగుతాడా' అని. నేను కాదనలేదు. కాదనకపోయేసరికి ఇంకెవరూ బతిమాలలేదు. కాలు బాలేదంటే వదలని జనం ఈ మాటతో వదిలేశారు. ఇంక మిగతా మూడిళ్ళకీ నేనే చెప్పాను."

బుల్లబ్బాయి వసారా స్తంభం పట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళంటే ఊళ్ళోవాళ్ళు. బావమరిదంటే వాడి కడుపు వాడిది. తను చుక్క ముట్టడన్న సంగతి ఈ భూమ్మీద ఖాయంగా తెలిసిన మనిషి ఒక్కతే. రోజూ పక్కన పడుకున్న మనిషి. ఆవిడ మాటని ఎవరు కాదనగలరు. తనే వెళ్ళి కాదన్నా నవ్వుతారు.

"నా కాలు పోయినా బాగుండేది" అన్నాడు.

"మీకు బాగుండేది" అంది సత్యకుమారి. అప్పుడు ఏడ్చింది.

చివరికి బుల్లబ్బాయే వచ్చి ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. ఎల్లుండి కడియం నుంచి సంపూర్ణమ్మగారు వస్తానని పొద్దున ఫోను చేసింది. నర్సరీల సంపూర్ణమ్మగారంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఆవిడ ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళూ బుల్లబ్బాయే చేశాడు. వైశాఖంలో మనవరాలి పెళ్ళి. ఆవిడ ఒక మాటంటే అది సాయంత్రానికి కడియం నుంచి పెద్దాపురం దాకా పోతుంది.

"ఆవిడతో ఒక్క మాట చెప్పు" అన్నాడు. "ఆయనెప్పుడూ తాగలేదు, నేనే అబద్ధం చెప్పానని. నాలుగిళ్ళలో చెప్పినదానివి, ఒక్క ఇంటికి చెప్పు. మిగతా అందరికీ ఆవిడే చెబుతుంది."

"మళ్ళీ పొయ్యి దగ్గరికెళ్ళి నిలబడతారు."

"నిలబడను. ఆ పెళ్ళి కూడా ప్రసాద్‌కే ఇమ్మను. ఇంక జన్మలో గరిటె పట్టుకోను. నాకు పొయ్యి వద్దు కుమారీ. నా పేరు నాకిప్పించు."

సత్యకుమారి కొంగుతో కళ్ళొత్తుకుంది. "మొగుడి మీద అబద్ధం చెప్పినదాన్నంటారు నన్ను" అంది. తర్వాత, "సరేనండి. చెబుతాను" అంది.

సంపూర్ణమ్మగారు బుధవారం పదింటికి కార్లో దిగింది. డెబ్బై దాటిన మనిషి, గట్టి గొంతు. డ్రైవరు చేత తాంబూలం పళ్ళెం పట్టించుకుని లోపలికొచ్చింది. తమలపాకులు, అరటిపళ్ళు, జరీ అంచు పంచె, పైన పసుపు రాసిన కవరు. బుల్లబ్బాయి ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోకుండా అతన్ని కిటికీ దగ్గరికి రమ్మని, వెలుతుర్లో మొహం అటూ ఇటూ తిప్పించి చూసింది.

"నిజమే. తేటపడింది" అంది. "మా కోడలు మొన్న క్లినిక్కులో నిన్ను చూసిందట. ఎరుపు లేదు అత్తయ్యా, మనిషి బాగుపడ్డాడు అని చెబితే నమ్మలేదు. నా కళ్ళతో చూద్దామనొచ్చాను."

"అది చర్మం జబ్బండి, అమ్మగారూ. మందులు వాడితే తగ్గింది" అన్నాడు బుల్లబ్బాయి.

"ఏదో ఒకటిలే. నేను మరొకళ్ళలా మొహం చాటెయ్యను. మగాడన్నాక ఎప్పుడో కాలు జారతాడు. లేచి నిలబడ్డవాణ్ణి నలుగురూ ఆదుకోవాలి. మా పిల్ల పెళ్ళి నువ్వే చెయ్యాలి."

ఆవిడ మాటల్లో కల్మషం లేదు. అతని మంచి కోరే అంత దూరం వచ్చింది. బుల్లబ్బాయి భార్యవైపు చూశాడు. సత్యకుమారి మజ్జిగ గ్లాసు సంపూర్ణమ్మగారికి అందించి గోడ పక్కన నిలబడింది. చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అనుకున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితం వినే పిల్లాడిలా బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"అమ్మగారూ" అంది సత్యకుమారి.

"చెప్పమ్మా."

"అది... ప్రసాద్ ఈ నెలంతా బాగానే చేస్తున్నాడండి."

"వాడి సంగతి తర్వాత. నాకు బుల్లబ్బాయి కావాలి. కానీ ఒకటి. మా వియ్యంకుడు పట్టింపు మనిషి. రేపు ఎవరైనా ఏదన్నా అంటే నేను జవాబు చెప్పుకోవాలి. అందుకని, అయిందేదో అయింది, తప్పయిపోయింది, ఇంక ముట్టను అని నా ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేసెయ్. ఆపైన ఎవడేమన్నా నేను చూసుకుంటాను."

వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి అన్న మాటని గోదావరి జిల్లాల్లో ఎవరూ అనుమానించరు. అది దేవుడి ముందు మాట. బుల్లబ్బాయి మళ్ళీ భార్యవైపు చూశాడు. ఇప్పుడింక చెప్పక తప్పదు ఆవిడకి. సత్యకుమారి కూడా అతనివైపు చూసింది. పెదవులు కదిలాయి. చటుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది.

ధైర్యం కూడగట్టుకోడానికి వెళ్ళిందనుకున్నాడు. దేవుడి గదిలో ఏదో డబ్బా మూత తీసిన చప్పుడైంది. ఆవిడ తిరిగి వచ్చింది. చేతిలో చిన్న ఇత్తడి పళ్ళెం, దాంట్లో తమలపాకు, ఆకు మీద కర్పూరం బిళ్ళ, పక్కన అగ్గిపెట్టె. తెచ్చి బల్ల మీద భర్త ముందు పెట్టింది.

"మానేశారండి అమ్మగారూ" అంది సంపూర్ణమ్మగారితో. "పూర్తిగా మానేశారు. దానికి నాదీ పూచీ."

ఆ మాట ఆవిడ ప్రేమగానే అంది. పొయ్యి కూడా తిరిగి ఇచ్చేస్తున్నానన్నట్టు, నాకు చేతనైంది ఇదేనన్నట్టు చూసింది. బుల్లబ్బాయికి ఆ చూపు పూర్తిగా అర్థమైంది. మొదటిసారి తన వెనక అన్నది. ఈసారి తన మొహం మీదే అంది.

సంపూర్ణమ్మగారు అగ్గిపుల్ల గీసి కర్పూరం వెలిగించింది. "ఊఁ, కానియ్" అంది.

ఆర్పేస్తే వైశాఖం అతనిది. కడియం పెళ్ళి, దాని వెనక పది పెళ్ళిళ్ళు. కోరుకొండలో చేతులు జోడించి బయటికి పంపిన పెద్దమనిషి మళ్ళీ చేతులు జోడించి లోపలికి పిలుస్తాడు. ఆర్పకపోతే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. ఆవిడ గుమ్మం దిగీ దిగకుండానే, ఇంకా మానలేదట అని ఊరంతా గుప్పుమంటుంది.

"తాగనివాణ్ణి, తప్పయిపోయిందని ఎలా అననండి అమ్మగారూ" అన్నాడు బుల్లబ్బాయి.

సంపూర్ణమ్మగారు సత్యకుమారివైపు చూసింది. "ఏమ్మా?"

సత్యకుమారి తల వంచుకుని నేలచూపులు చూసింది.

కర్పూరం కాసేపు మండి దానంతట అదే అయిపోయింది. తమలపాకు మధ్యలో కమిలి చిల్లు పడింది. సంపూర్ణమ్మగారు నిట్టూర్చి, డ్రైవరుని పిలిచి తాంబూలం పళ్ళెం తీసుకెళ్ళి కార్లో పెట్టమంది. వెళ్ళబోతూ బుల్లబ్బాయి భుజం మీద చెయ్యి వేసింది.

"నీ వల్ల కానప్పుడు కాదని ఒప్పుకున్నావు. అదీ మంచిదే. దొంగ ప్రమాణం చెయ్యలేదు. నిజంగా మానిన రోజు కబురు చెయ్యి" అంది.

కారు వెళ్ళిపోయింది. సత్యకుమారి గుమ్మం దగ్గరే నిలబడి చాలాసేపు రోడ్డువైపు చూసి, లోపలికొచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. గొంతులో కోపం కూడా ఉంది, ఏడుపు కూడా ఉంది.

"ఒక్క మాటేగా. అనేస్తే పోయేది" అంది.

"అందుకేగా నిన్ను అనమన్నాను" అన్నాడు బుల్లబ్బాయి.